మా గుట్ట మీద దిగిన అంతరిక్ష నౌక

సినిమా షూటింగులో రెండు రకాల ఫోటోలు తీస్తారు. నటీనటులను పాత్రల వేషాలలో, కథకు తగిన భంగిమలలో నిలబెట్టి తీసేవి ప్రచారానికి వెళతాయి. ఒకప్పుడు థియేటర్ల ముందు గాజు పెట్టెల్లో అంటించిన ఫోటోకార్డులు అవే. కెమెరా వెనుక, పక్కన, చెట్టు నీడన, వంటల దగ్గర జరిగే పనిని పట్టుకునేవి వర్కింగ్ స్టిల్స్. 1993 వేసవిలో, మా పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోని కోయిలకొండ దుర్గం కనిపించేంత దూరంలో ఉన్న ఒక గుట్ట మీద ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా అవుట్‌డోర్ షూటింగు జరిగింది. అప్పుడు నేను తీసిన వర్కింగ్ స్టిల్స్ నెగెటివ్‌లు ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆ సినిమా పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది దాని జయాపజయాల గురించి కాదు. ఆ సినిమాలో ప్రేక్షకులు చూసిన దూరపు గ్రహాన్ని, దాని నగరాన్ని, దాని మీద దిగిన నౌకను నిలబెట్టినది పాలమూరు కూలీలు, కమ్మరులు, గొర్రెల కాపరులు, ఆ ఊరి ఆడవాళ్లు. తెర మీద వాళ్లెక్కడా కనిపించరు. టైటిల్స్‌లో వాళ్ల పేర్లు లేవు. వాళ్లున్నది ఈ నెగెటివ్‌లలో మాత్రమే.

అంతకు రెండేళ్ల ముందు, 1991లో, సింగీతం శ్రీనివాసరావు గారి దర్శకత్వంలో ‘ఆదిత్య 369’ వచ్చి, కాలంలో ముందుకూ వెనక్కూ ప్రయాణించే కథను తెలుగు ప్రేక్షకులు ఎంత ఇష్టంగా చూస్తారో చూపించింది. ఆ ఉత్సాహంలో ప్రయత్నం చేసిన వారిలో మా నిర్మాత ఒకరు. ఆయన దగ్గర డబ్బు తక్కువ, దర్శకుడి దగ్గర ఊహ ఎక్కువ. వేరే గ్రహాన్ని స్టూడియోలో కట్టే స్తోమత లేకపోవడంతో, భూమి మీదే వేరే గ్రహంలా కనిపించే చోటు కోసం వాళ్లు వెతుక్కుంటూ మా వైపు వచ్చారు. మా ప్రాంతపు గుట్టలను చూసిన వాళ్లెవరికైనా ఆ ఎంపిక ఎందుకో వెంటనే అర్థమవుతుంది. ఎర్రటి చెల్క నేల మధ్యలో, ఒక గుండు మీద ఇంకో గుండు, దాని మీద మరొకటి, ఎవరో పేర్చిపోయినట్లు నిలబడి ఉంటాయి. నిజానికి వాటిని ఎవరూ పేర్చలేదు, అవి ఎక్కడి నుంచో దొర్లి రానూ లేదు. దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు భూమి లోపల ఉండగానే పగుళ్ల వెంట నీరు చేరి, మూలలు అరిగి గుండ్రనై, పైనున్న మట్టి కొట్టుకుపోయాక ఉన్నచోటనే బయటపడిన రాళ్లవి. భూమి మీద ప్రాణి అన్నది సూక్ష్మజీవుల రూపంలో మాత్రమే ఉన్న కాలపు శిలను మరో గ్రహంగా చూపించాలన్న ఆలోచన ఇప్పటికీ నాకు ఎంతో సహజంగా తోస్తుంది.

నేను అప్పటికి మహబూబ్‌నగర్ పట్టణంలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తున్నాను. పెళ్లిళ్లు, పరీక్షల పాస్‌పోర్టు ఫోటోలు, బడి పిల్లల గ్రూపు ఫోటోలు, ఇదే పని. సినిమా స్టిల్ ఫోటోగ్రాఫర్‌కు స్థానికంగా ఒక సహాయకుడు కావలసి వచ్చి, మా స్టూడియో యజమాని నన్ను పంపించారు. ఆ ఫోటోగ్రాఫర్‌ను నేను గురువుగారనే పిలిచేవాణ్ని, ఇక్కడా అలాగే పిలుస్తాను. ఆయన పనిచేసేది నికాన్ కెమెరాతో, విదేశీ రంగుల ఫిల్ముతో. నా మెడలో ఉన్నది స్టూడియో వారి పాత యాషికా ట్విన్‌లెన్స్, అందులో అప్పట్లో ఊటీలో తయారైన ‘ఇందు’ నలుపు తెలుపు రోలు. మొదటి రోజే ఆయన నా కెమెరాను చేతిలోకి తీసుకుని చూసి, “తమ్ముడూ, హీరో హీరోయిన్ల ఫోటోలు నేను చూసుకుంటాను, పనిచేసేవాళ్లను నువ్వు తియ్యి” అన్నారు. ఆ మాట అప్పటికి నాకు అంతగా పట్టలేదు. కొద్ది రోజులకు దాని విలువ తెలిసింది. ట్విన్‌లెన్స్ కెమెరాను కంటికి ఆనించరు. ఛాతీ దగ్గర పట్టుకుని, తలవంచి, పైనున్న గాజులోకి చూస్తారు. ఎదురుగా ఉన్న మనిషికి తన వైపు ఎవరో గురిపెట్టి చూస్తున్నారన్న భావన కలగదు, కాబట్టి సర్దుకోడు, నవ్వు తెచ్చిపెట్టుకోడు, చేతిలో పని ఆపడు. రోలుకు పన్నెండే ఫోటోలు కాబట్టి ప్రతి ఒక్కదానికీ ముందు ఆలోచించవలసి వచ్చేది. ఆ రెండు కారణాల వల్లనే ఈ ఫోటోలలోని మనుషులు వాళ్ల తీరున వాళ్లున్నారు.

గుట్ట మీద మైసమ్మ గద్దె ఉంది. ఊరివాళ్లు షూటింగుకు అభ్యంతరం చెప్పలేదు కానీ, అమ్మవారికి చెప్పకుండా గుట్ట మీద మేకు కూడా దిగకూడదన్నారు. ఏ తెలుగు సినిమా అయినా కొబ్బరికాయతో మొదలై గుమ్మడికాయతో ముగిసేదే కాబట్టి, యూనిట్‌కు ఇది కొత్త సంగతి కాదు. అయితే ఇక్కడ కొబ్బరికాయ కొట్టినది దర్శకుడు కాదు, ఆ గద్దె దగ్గర వంశపారంపర్యంగా దీపం పెట్టే ముసలాయన. నౌక సగం నిలబడ్డాక ఆయన మళ్లీ వచ్చి, దాని ముందు భాగానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. కళాదర్శకులు బ్రష్షు పట్టుకుని నిలబడి ఉన్నారు. బొట్లు కెమెరాకు కనిపిస్తాయి, తుడిచేయాలని అసిస్టెంట్ డైరెక్టర్ అన్నప్పుడు కళాదర్శకులు ఒప్పుకోలేదు. ముసలాయనను చేయి పట్టుకుని నౌక వెనుక వైపుకు తీసుకెళ్లి, “పెద్దాయనా, ఇది దాని ముఖం, నడిచేటప్పుడు ఇటే చూస్తుంది” అని చెప్పి, అక్కడ మళ్లీ బొట్లు పెట్టించి, ఆ తరువాతనే ముందు వైపు తుడిపించారు. షూటింగు ముగిసేవరకూ ఆ నౌక వెనుక రేకు మీద పసుపు కుంకుమలు అలాగే ఉన్నాయి. నా ఫోటోలో ముసలాయన వేలు రేకు మీద ఉంది, కళాదర్శకులు రెండు చేతులూ కట్టుకుని పక్కన నిలబడి ఉన్నారు.

నౌకకు ఇనుప చట్రం హైదరాబాదు నుంచి లారీలో వచ్చింది. మిగిలినదంతా ఇక్కడ తయారైనదే. లారీ ఆగేచోటు నుంచి గుట్ట మీదికి దారి లేదు, కాలిబాట మాత్రమే. చట్రాన్ని విడదీయకుండా పైకి చేర్చడం కుదరదని ప్రొడక్షన్ మేనేజర్ తేల్చేస్తే, ఊళ్లో గుంపు మేస్త్రీగా పనిచేసిన ఒక పెద్దమనిషిని పిలిపించారు. ఆయన చిన్నతనంలో నాగార్జునసాగర్ కడుతున్నప్పుడు తల్లిదండ్రుల వెంట ఆ పనిలో పెరిగినవాడు, వయసు వచ్చాక శ్రీశైలం డ్యామ్ పనికి మనుషులను తీసుకెళ్లినవాడు. పాలమూరు కూలీలు పనిచేయని పెద్ద ప్రాజెక్టు దేశంలో అరుదని మా దగ్గర చెప్పుకుంటారు. ఆ మాట వెనుక ఎంత వలస, ఎంత ఆకలి ఉన్నాయో మాకు తెలుసు కాబట్టి దాన్ని గొప్పగా కాక బరువుగా చెప్పుకుంటాం. మేస్త్రీ చట్రం చుట్టూ ఒకసారి తిరిగి, మోకులు, గునపాలు, సరుగుడు దుంగలు తెప్పించమన్నాడు. ఇరవై మందికి పైగా మనుషులు, చట్రం కింద దుంగలు దొర్లిస్తూ, వెనుక దుంగ తీసి ముందు వేస్తూ, ఆయన “ఐలేస” అన్నప్పుడల్లా ఒక్క ఊపుతో లాగుతూ, ఒక్క పగలులో దానిని పైకి చేర్చారు. మా షూటింగులో మాటలు రికార్డు చేయలేదు, అన్నీ తరువాత డబ్బింగ్‌లో చెప్పించారు. అందువల్ల ఆ గుట్టంతా మారుమోగిన ఆ ఐలేస ఎక్కడా మిగలలేదు. ఫోటోలో నోళ్లు తెరిచి ఉన్నాయి, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, మోకు బిగుసుకుని ఉంది.

నౌకకు గుండ్రటి తలుపు కావాలి. ప్లైవుడ్‌తో గుండ్రంగా కోసిన అంచు ఎంత రంగు వేసినా ఇనుములా కనిపించడం లేదని కళాదర్శకులు తలపట్టుకున్నారు. ఊళ్లో కమ్మరి వచ్చి చూసి, ఎడ్లబండి చక్రానికి ఎక్కించే ఇనుప పట్టా సరిపోతుందన్నాడు. “బండి గిర్రకు పట్టా ఎక్కించెటోనికి తలుపుకు ఎక్కించుడు ఎంత పని సారూ” అన్న ఆయన మాట నాకు బాగా గుర్తుంది. పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, కొలతకు కొంచెం తక్కువ ఉన్న ఆ వలయం వేడికి సాగిన క్షణంలో అంచు మీదికి తొడిగి, వెంటనే నీళ్లు పోస్తే అది చల్లారి ముడుచుకుని చెక్కను పట్టేసుకుంటుంది. ప్లైవుడ్ కాలిపోతుందేమోనన్న భయంతో దాని చుట్టూ ముందే తడి మట్టి మెత్తారు. ఆవిరి ఒక్కసారిగా లేచినప్పుడు దర్శకుడు కెమెరామన్‌ను కేకవేసి పిలిచి, ఈ ఆవిరి కథలో కూడా కావాలన్నారు. సినిమాలో నౌక తలుపు తెరుచుకునేటప్పుడు వచ్చే తెల్లటి ఆవిరి ఆలోచన అక్కడ, కమ్మరి కొలిమి దగ్గర పుట్టింది.

గ్రహవాసుల పూజాస్థలం ఎలా ఉండాలన్న దానిపై చాలా రోజులు తర్జనభర్జనలు జరిగాయి. కళాదర్శకులు ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని కృష్ణా తీరాన ఉన్న ముడుమాల్‌కు వెళ్లారు. అక్కడ పొలాల మధ్య పది పన్నెండు అడుగుల నిలువురాళ్లు వరుసలుగా నిలబడి ఉంటాయి. చుట్టుపక్కల వాళ్లు వాటిని దేవుళ్లుగా కొలుస్తారు. ఇనుప యుగపు మనుషులు పాతిన ఆ రాళ్ల మీద తరువాతి కాలంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావు గారు విస్తృతంగా అధ్యయనం చేశారు. ఒక రాతి మీద చెక్కిన చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతున్నాయని గుర్తించారు. 2025లో ఆ స్థలం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. ఇవేవీ మాకు అప్పుడు తెలియవు. కళాదర్శకులు మాత్రం ఒక రాతి నీడ వెంట చాలాసేపు నడిచి, ఆ నీడ పొడవును అడుగులతో కొలుచుకుని, మౌనంగా తిరిగి వచ్చి, మా గుట్ట మీద గన్నీ గుడ్డ, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అటువంటి రాళ్ల వరుస కట్టించారు. అసలు రాళ్ల దగ్గర షూటింగు చేద్దామని ఎవరో అంటే, దేవుళ్ల మధ్య ట్రాలీ పట్టాలు వేయలేనని కచ్చితంగా చెప్పారు. ఆ నిర్ణయం పట్ల నాకు ఇప్పటికీ గౌరవం ఉంది.

ఇక నగరం సంగతి చెప్పాలి. నా జ్ఞాపకాలలో ఇంత వెలుగుతో నిలిచినది మరొకటి లేదు.

కథలో గుట్ట మీద ఒక పెద్ద నగరం కనిపించాలి. కంప్యూటర్‌తో చేసే పనులు అప్పటికి మాకు అందుబాటులో లేవు. కెమెరామన్ పాత పద్ధతిని ఎంచుకున్నారు: చిన్న నమూనా నగరాన్ని కెమెరాకు కొద్ది అడుగుల దూరంలో వేలాడదీసి, దాని కింది అంచు దూరంగా ఉన్న గుట్ట అంచుతో సరిగ్గా కలిసేలా చేస్తే, రెండూ ఒకే చోట ఉన్నట్లు కనిపిస్తాయి. మన సినిమాకు నమూనాల విద్య కొత్త కాదు. 1957 నాటి ‘మాయాబజార్’ కోసం గోఖలే, కళాధర్ గార్లు ద్వారకను నమూనాగా కట్టించారు, మార్కస్ బార్ట్లే గారు దానిని చిత్రీకరించారు. కానీ వేలాడే నమూనాతో ఒక చిక్కుంది. ఆరడుగుల దూరంలో ఉన్న బొమ్మ, అర కిలోమీటరు దూరంలో ఉన్న గుట్ట, రెండూ ఒకే స్పష్టతతో కనిపించకపోతే మోసం బయటపడుతుంది. అందుకు లెన్సు రంధ్రాన్ని బాగా మూయాలి. 28 మిల్లీమీటర్ల లెన్సును 16వ అంకె దగ్గర పెట్టి రెండు మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, సుమారు ఒక మీటరు నుంచి దిగంతం వరకూ అంతా స్పష్టంగా వస్తుంది. రంధ్రం అంతగా మూస్తే అంత వెలుగు కావాలి. స్టూడియోలో దానికి ఎన్నో దీపాలు, వాటికి జెనరేటర్లు, డీజిలు. పాలమూరు ఎండకు అవేవీ అక్కరలేదు. యూనిట్ అంతా ఆ ఎండను తిట్టుకుంటుంటే, కెమెరామన్ ఒక్కరే రోజూ ఉదయం మీటరు తీసి చూసుకుని సంతోషించేవారు. బొమ్మ మీదా గుట్ట మీదా పడేది ఒకే సూర్యుడి వెలుగు కాబట్టి నీడలు కూడా తమంతట తామే కలిసేవి.

అయితే ఆ ఎండే పదిన్నర దాటాక శత్రువయ్యేది. బండలు కాలి సెగ పైకి లేచి, ఆ సెగలోంచి చూస్తే దూరపు గుట్ట అంచు వణుకుతుంది. కెమెరా దగ్గరున్న నగరం మాత్రం కదలకుండా నిలబడి ఉంటుంది. అది ఒక్కటి చాలు, చూసేవాడికి అనుమానం రావడానికి. అందువల్ల ఎండ సరిపడా తీవ్రమై, సెగ ఇంకా లేవని గంటా గంటన్నర వ్యవధిలోనే ఆ షాట్లన్నీ తీశారు. ఆ వ్యవధిలో గుట్ట మీద ఉండే నిశ్శబ్దమైన తొందరను నేను మళ్లీ ఏ పనిచోటా చూడలేదు. ఒకరు తీగ బిగిస్తున్నారు, ఒకరు తడిగుడ్డతో నమూనా మీద దుమ్ము అద్దుతున్నారు, కెమెరా సహాయకుడు టేపుతో దూరం కొలుస్తున్నాడు, కెమెరామన్ కన్ను కెమెరాకు అతుక్కుని ఎడమ చేతితో “కొంచెం కిందికి, ఇంకొంచెం” అని సైగ చేస్తున్నారు. ఈ నలుగురూ ఒకే చదరపు ఫ్రేములో దొరికిన ఫోటో నా దగ్గర ఉన్నవాటిలో ఉత్తమమైనదని నమ్ముతాను.

ఒక ఉదయం షాట్ అయిపోయాక, రోజూ మాకు చల్ల తెచ్చిచ్చే అవ్వను కెమెరామన్ పిలిచి కెమెరాలోంచి చూడమన్నారు. ఆమె ఒక కన్ను మూయడం రాక, అరచేతితో ఆ కన్ను కప్పుకుని చూసింది. చాలాసేపు చూసింది. “మా గుట్ట మీద గింత పట్నం ఎప్పుడు కట్టిన్రు కొడుకా?” అని అడిగింది. తల పక్కకు తీసి గుట్టను చూసింది, మళ్లీ కెమెరాలోకి చూసింది, ఆ తరువాత ఎదురుగా తీగలకు వేలాడుతున్న చెక్కముక్కల దగ్గరికి నడిచి వెళ్లి, వాటిని ముట్టుకోకుండా, మోకాళ్ల మీద చేతులుంచుకుని వంగి ఒక్కొక్క ఇంటినీ పరికించింది. “మంచిగ కట్టిన్రు” అని అక్కడున్న వడ్రంగులతో అన్నది. హైదరాబాదు నుంచి ఎందరో పెద్దలు వచ్చి ఆ నమూనాను చూసి వెళ్లారు. వడ్రంగుల ముఖాల్లో ఆ మాట తెచ్చిన తృప్తి ఇంకెవరి మాటా తేలేదు.

నౌక నేల మీదికి దిగే దృశ్యానికి వేరే నమూనా చేశారు, అసలు సెట్టులో తొమ్మిదో వంతు. చిన్న వస్తువు పడితే చిన్న వస్తువులాగే పడుతుంది, తేలిగ్గా, చప్పున. అది బరువైన పెద్ద వస్తువులా కనిపించాలంటే ఎక్కువ వేగంతో చిత్రీకరించి మామూలు వేగంతో చూపాలి. తొమ్మిదో వంతు నమూనాకు తొమ్మిది వర్గమూలం మూడు, కాబట్టి సెకనుకు 24కు బదులు 72 ఫ్రేములు. వేగం లెక్కకు లొంగింది, దుమ్ము లొంగలేదు. నమూనా దిగినప్పుడు లేచే దుమ్ములో ఇసుక రేణువు కూడా బండరాయిలా కనిపించి గుట్టు రట్టు చేసేది. అప్పుడు ఊరి ఆడవాళ్లు చెల్క మట్టిని దంచి, జల్లెడ పట్టి, ఆ తరువాత పాత చీరల గుడ్డలోంచి వస్త్రగాళితం పట్టి, పొడి పొడిగా తంబాళాలకు ఎత్తారు. దానికి కొంచెం పిడకల బూడిద కలపాలని చెప్పిందీ వాళ్లే. ఆ మట్టి లేచినప్పుడు పొగలా మెల్లగా విచ్చుకుని, నేల మీద పరుచుకుంది. అసలు షాట్ కన్నా ఆ మట్టి జల్లించే ఫోటో నాకు ఎక్కువ ఇష్టం. వాళ్లు కబుర్లు చెప్పుకుంటూ నవ్వుకుంటున్నారు, వాళ్ల కనుబొమల మీద కూడా ఎర్రటి పొడి పేరుకుంది. ఫోటో నలుపు తెలుపే అయినా ఆ ఎరుపు నాకు కనిపిస్తుంది.

మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో వెండిరంగు దుస్తులు తొడుక్కుని తిరగడం ఎంత యాతనో చెప్పనక్కరలేదు. ఆ గుడ్డ గాలిని లోపలికి రానివ్వదు, చెమటను బయటికి పోనివ్వదు. కాస్ట్యూమర్ నారాయణపేటకు వెళ్లి నూలు గుడ్డ తెచ్చి, ప్రతి సూటుకూ లోపల అస్తరు వేయించారు. విశ్రాంతి వేళ గ్రహవాసులందరూ వేపచెట్టు కింద సూట్లు సగం విప్పుకుని కూర్చుంటే, నడుము దాకా వెండి, దాని పైన నారాయణపేట గళ్లు కనిపించేవి. పట్టణంలోని ఐస్ ఫ్యాక్టరీ నుంచి రంపపు పొట్టు కప్పిన మంచుగడ్డలు రోజూ వచ్చేవి. వాటిలో మొదటి వాటా ఫిల్ము డబ్బాలది, తేమ తగలకుండా ప్లాస్టిక్ చుట్టి పెట్టెలో పెట్టేవారు. చివరి చిన్న ముక్క నాది. సాయంత్రం బడి గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి నా రోళ్లు కడిగేవాణ్ని. డెవలపర్ ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి, కుండలో నీళ్లేమో ముప్పై దాటి ఉండేవి. మంచుముక్కను నేరుగా వేస్తే మందు పలుచబడుతుంది కాబట్టి, గిన్నెలో మంచు పోసి దాని మధ్యలో సీసా నిలబెట్టేవాణ్ని. గురువుగారు తడి నెగెటివ్‌ను లాంతరు ముందు పట్టుకుని చూసి, బాగున్న దాని దగ్గర గోరుతో చిన్న గుర్తు పెట్టేవారు. ఆ గోటి గుర్తులు ఇప్పటికీ అంచులమీద ఉన్నాయి.

గ్రహాధిపతి వేషం వేసిన నటుడు పౌరాణిక నాటకాలలో ఎన్నో ఏళ్లు కృష్ణుడిగా, దుర్యోధనుడిగా తిరిగినవారు. ఒక సాయంత్రం జెనరేటర్ చెడిపోయి రాత్రి షూటింగు ఆగిపోయింది. మెకానిక్ వచ్చేవరకూ మేకప్ తీయవద్దని దర్శకుడు చెప్పారు. ఊరి జనం వెళ్లకుండా కూర్చున్నారు. పెట్రోమాక్స్ వెలుగులో, నుదుటి మీద రబ్బరు ఎముకలతో, భుజాల మీద రేకు రెక్కలతో ఉన్న ఆ మనిషి లేచి, గొంతు సవరించుకుని రాయబార ఘట్టంలోని పద్యం ఎత్తుకున్నారు. రాగం తీసి తీసి ఆయన చివరి పాదం విడిచేసరికి గుట్ట దద్దరిల్లేలా “వన్స్ మోర్” అన్నారు. రెండో పద్యం, మూడో పద్యం. అప్పుడు జనంలోంచి, పగలంతా మాతో ప్లైవుడ్ మోసిన ఒక యువకుడు లేచి, తాము ఊళ్లో ఆడే బాగోతంలోని దరువు ఒకటి పాడతానన్నాడు. తాళాలు తేవడానికి ఎవరో ఊళ్లోకి పరుగెత్తారు. ఆ రాత్రి గ్రహాధిపతి, బాగోతపు రాజు ఒకరికొకరు ఎదురుగా నిలబడి, ఒకరు పద్యంతో, మరొకరు దరువుతో జవాబులు చెప్పుకున్నారు. జెనరేటర్ బాగయిందని చెప్పడానికి వచ్చిన ప్రొడక్షన్ మేనేజర్ కూడా వెనుక నిలబడిపోయారు. వెలుగు చాలక ఆ రాత్రివి రెండే ఫోటోలు వచ్చాయి. ఒకదానిలో రెక్కల నటుడు చప్పట్లు కొడుతున్నారు, యువకుడి పాదం గాలిలో ఉంది.

మాస్క్ షాట్ గురించి చెప్పకుండా ముగించలేను. కథానాయకుడు గుట్ట అంచున తన ముసలితనపు రూపాన్ని తానే కలుసుకోవాలి. ఫ్రేములో కుడి సగాన్ని నల్లటి అట్టతో మూసి ఎడమ సగంలో యువకుణ్ని తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, ఈసారి ఎడమ సగం మూసి, ముసలి వేషంలో ఉన్న అతణ్నే కుడి వైపు తీయాలి. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మధ్యలో గీత కనిపిస్తుంది. ముసలి మేకప్‌కు గంటలు పడుతుంది, ఈలోగా సాయంత్రపు వెలుగు వెళ్లిపోతుంది. కాబట్టి మొదటి సగం ఒక సాయంత్రం, రెండో సగం మరుసటి సాయంత్రం అదే వేళకు తీయాలని నిర్ణయించారు. కెమెరా ఆ రాత్రంతా, మరుసటి పగలంతా ఉన్నచోటనే ఉండాలి. కాళ్లను బండలో సిమెంటు వేసి బిగించారు, పైన టార్పాలిన్ కప్పారు. చీకటి పడ్డాక గాలిదుమారం మొదలైంది. మేస్త్రీ తన మనుషులతో వచ్చి, టార్పాలిన్‌ను తాళ్లతో కడితే తాడు లాగి కెమెరా కదులుతుందని చెప్పి, దానికి తగలకుండా చుట్టూ మనుషులను నిలబెట్టి, గుడ్డను చేతులతో పట్టించాడు. వంతులవారీగా రాత్రంతా పట్టుకున్నారు. మరుసటి సాయంత్రం గొర్రెలు మళ్లే వేళకు, రోజూ గుట్ట పక్కనుంచే వచ్చే కాపరి, డెక్కల దుమ్ము షాట్‌లోకి వస్తుందని తెలిసి, మందను వాగు అవతలే ఆపేసి, నోటి కేకలతోనే చీకటి పడేదాకా నిలిపి ఉంచాడు. దానికి ఎవరూ అతణ్ని అడగలేదు, కూలీ మాట్లాడలేదు. నేను తెల్లవారి తీసిన ఫోటోలో, కప్పిన కెమెరా చుట్టూ వలయంగా మనుషులు బండల మీద నిద్రపోతున్నారు, ఇద్దరు మాత్రం ఇంకా గుడ్డ అంచులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

గుమ్మడికాయ కొట్టిన మరుసటి రోజే సెట్టు విప్పేశారు. ఇనుము లారీలో వెళ్లింది, ప్లైవుడ్ ఊళ్లో పశువుల కొట్టాలకు వెళ్లింది, పట్టా కమ్మరి వెనక్కి తీసుకుని ఎవరిదో బండి చక్రానికి ఎక్కించాడు. సినిమా ఏడాది తరువాత విడుదలై ఎక్కువ రోజులు ఆడలేదు. కథ నడక మందగించిందన్న విమర్శ న్యాయమైనదే, రెండో సగంలో పాటలు అడ్డుపడ్డాయి కూడా. కానీ పనితనంలో లోపం ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పట్టణంలోని థియేటర్‌కు ఊరివాళ్లు ట్రాక్టర్ల మీద వచ్చారు. మాస్క్ షాట్ తెర మీద ఉన్నది కొన్ని సెకన్లే, గీత కనిపించలేదు. నా పక్కన కూర్చున్న మేస్త్రీ ముందుకు వంగి, ఫ్రేము మధ్యభాగాన్నే చూస్తూ ఉండిపోయాడు. హీరోను ఆయన చూశాడని నేను అనుకోను.

ఈ మధ్య మా అమ్మాయి నెగెటివ్‌లన్నీ స్కాన్ చేయించి పెద్ద ప్రింట్లు తీయించింది. వాటిని తీసుకుని ఆ ఊరికి వెళ్లాను. మేస్త్రీ, కమ్మరి, చల్ల తెచ్చిన అవ్వ ఇప్పుడు లేరు. మట్టి జల్లించిన వాళ్లలో ఇద్దరు ఉన్నారు. ఫోటో చూసి, మధ్యలో కూర్చున్న తమ వదినెను గుర్తుపట్టి, ఆమె మనవరాలిని పిలిపించి చూపించారు. బాగోతం పాడిన ఆయన ఇప్పటికీ పాడుతున్నారు, ఇద్దరు పిల్లలకు నేర్పుతున్నారు కూడా. ప్రతి ప్రింటు వెనుక ఫోటోలో ఉన్నవాళ్ల పేరు, ఇంటిపేరు, ఆ రోజు చేసిన పని ఊరివాళ్ల ఎదుటే రాసుకున్నాను. చట్రం లాగిన వాళ్లలో కొందరి పేర్లు ఇంకా తెలియలేదు, ఆ కుటుంబాలు పనుల కోసం పుణె, ముంబయి వెళ్లిపోయాయట. మైసమ్మ పండుగకు వాళ్లలో ఎక్కువమంది ఊరికి వస్తారని చెప్పారు. ఆ ప్రింట్లు వేరే కవరులో పెట్టి ఉంచాను. పండుగకు వెళ్లి, వాళ్లకు చూపించి, మిగిలిన పేర్లు కూడా రాసుకుంటాను.